నాలుగు నట్ల స్టెప్నీ

మా కారు కొన్నప్పుడే దానికి స్టెప్నీ లేదు. అమ్మినాయన నిజామాబాద్‌లో ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. "స్టెప్నీ ఇంట్ల ఉన్నది, మల్ల వచ్చినప్పుడు తీస్కపోండ్రి" అన్నాడట. బాపు మళ్లీ వెళ్లేసరికి ఆ ఇంట్లో స్టెప్నీ లేదు. కారు ఒకరికి, స్టెప్నీ ఇంకొకరికి అమ్ముకోవడం చాలామంది చేసే పనేనని మాకు తర్వాత తెలిసింది.

కూలి చేసుకునేవాళ్లకు కారెందుకని ఎవరైనా అడగవచ్చు. మా ఊళ్లో అడిగేవాళ్లు కూడా లేరు. జనవరి నుంచి మాతో ఎవరూ మాట్లాడటం లేదు.

పసుపు ఉడకబెట్టే కూలి ఎంతో మా దగ్గర ఊరి కమిటీ చెబుతుంది. ఈ ఏడు కూడా పాత రేటే అన్నారు. బాపు మాతో కలిపి ఎనిమిది ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి, రేటు పెంచితేనే పొయ్యి దగ్గరికి పోదామన్నాడు. వారం తిరగకముందే ఏడు ఇళ్లవాళ్లు పనికి పోయారు. బాపు పోలేదు. కమిటీ ఐదు వేలు జరిమానా వేసింది. కట్టనన్నాడు. పోనీ తప్పయిందని అందరి ముందు ఒక్క మాట అను, జరిమానా తీసేస్తాం అన్నారు. అదీ అననన్నాడు. మర్నాడు డప్పు కొట్టి చాటింపు వేశారు. డేవిడ్ ఇంటివాళ్లతో, అంటే బాపుతో గానీ మాతో గానీ, మాట్లాడినా, ఇచ్చిపుచ్చుకున్నా ఐదు వందలు. చూసి చెప్పినవాళ్లకు అందులోంచి వంద.

నేను మామూలుగానే ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. బడిలో సారు ప్రశ్న అడిగితే, జవాబు తెలిసినా తల వంచుకుని నిలబడేదాన్ని. అందుకే మొదటి వారం నాకు కొంచెం హాయిగానే అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. తర్వాత బోరింగు దగ్గర నేను బిందె పెట్టగానే మిగతావాళ్లు తమ బిందెలు తీసుకుని పక్కకు జరగడం మొదలుపెట్టారు. మా పాలు కొనేవాళ్లు లేక రెండు బర్రెలనూ అమ్మేశాం. ఆటోవాళ్లు మమ్మల్ని చూసి ఆపడం మానేశారు.

అప్పుడే అక్క శ్యామల తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. బీపీ ఎక్కువగా ఉందనీ, నొప్పులు మొదలైన గంటలో తీసుకురావాలనీ ఆర్మూర్ డాక్టరమ్మ చెప్పింది. మా ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే. ముందే వచ్చి దవాఖానాలో ఉండాలంటే మంచానికి రోజుకు నూట యాభై. బాపుకు ట్రాక్టరు నడపడం వచ్చు. బర్రెల డబ్బుకు ఇంకొంత కలిపి పాత మారుతి కారు కొన్నాడు. ఐదు వేలు కట్టలేనివాడు ఇరవై ఆరు వేలు పెట్టి కారు కొన్నాడని ఊరు నవ్విందట. ఆ మాట అమ్మ చెబితే బాపు, "బండి నాది. జరిమానా ఎవలది?" అన్నాడు.

పోయిన వారం ఆ కారు ముందు టైరు దారిలో పంచరైంది. బాపు చక్రం ఊడదీసి ఏడు కిలోమీటర్లు దొర్లించుకుంటూ ఆర్మూర్ పోయి వచ్చాడు. డోరుకు తాళం పడదు కాబట్టి నేను కారులో కూర్చున్నాను. జాకీ మీద ఒక పక్కకు ఒరిగిన కారులో నాలుగు గంటలు. మా ఊరి బండ్లు మూడు పోయాయి, ఒకటీ ఆగలేదు. వెనక సీటు వైపు చూసినప్పుడల్లా అక్క అక్కడ పడుకుని ఉన్నట్టే అనిపించింది.

అందుకే గురువారం పొద్దున బాపు, నేను స్టెప్నీ కోసం ఆర్మూర్ వచ్చాం. బాపు జేబులో ఆరు వందలు ఉన్నాయి.

కొత్త టైరు, ట్యూబు, రిమ్ము కలిపి రెండు వేల దగ్గరికి వస్తుందని మొదటి దుకాణంలోనే చెప్పారు. అక్కడి నుంచి పాత సామాన్ల గంగాదాస్ దగ్గరికి పోయాం. ఆయన రేకుల షెడ్డు గోడ నిండా రిమ్ములు వేలాడుతున్నాయి. బాపు ఒక్కొక్కటీ దించి రంధ్రాలు లెక్కపెట్టాడు. అన్నీ ఐదు నట్లవి.

"జీపుది ఉన్నది, అంబాసిడర్‌ది ఉన్నది" అన్నాడు గంగాదాస్. "ట్రాక్టర్‌ది గూడ ఉన్నది, పెట్టుకుంటవా?"

"నవ్వులాట కాదు గంగాదాస్. ఇంట్ల బిడ్డ కాన్పుకున్నది."

"ఎరుకే. పోయిన వారమే చెప్పిపోతివి గదా. నాలుగు నట్లది, పన్నెండు సైజుది. కారుది గాని, వ్యానుది గాని, ఏదైనా పడతది. గవి వచ్చినయ్ వచ్చినట్టే పోతున్నయ్." ఆయన బీడీ ముట్టించుకున్నాడు. "ఒకటి ఉన్నది గని."

"ఏడ?"

"మీ ఊరి లచ్చన్న వ్యాను అమ్మి సుమో తీస్కున్నడు. స్టెప్నీ ఉంచుకున్నడు. ఆరొందలంటుండు. ఇయ్యాల యార్డుకు పసుపు తెచ్చిండు, స్టెప్నీ గూడ తెచ్చిండు."

"నువ్వు కొని నాకియ్యి."

"అడగలేదనుకున్నవా? పొద్దుగాల్నే అడిగిన. ఎవలకు అమ్మినా అది డేవిడ్ బండ్లనే తేలుతది, రిమ్ము మీద నా పేరుంది, నేనియ్య అన్నడు."

"పేరు మీద రంగేద్దాం."

"మీ ఊర్ల ఉన్నది ఒకటే కారు, మొన్నటిదాక ఒకటే వ్యాను. రంగేస్తే తెల్వదా డేవిడూ? అందరు గుడ్డోళ్లా?"

బాపు చేతికంటిన మసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అడిగి చూస్త" అని కారెక్కాడు.

మార్కెట్ యార్డులో పసుపు రాశుల మధ్య కారుకు సరిపడా దారి మాత్రమే ఉంది. పసుపు కొనే ముకుంద్ సేటు దుకాణం ముందు బాపు కారు ఆపాడు. ముందు ఒక లారీ, వెనక ఒక ట్రాక్టరు వచ్చి ఆగాయి. ఇక కదలడానికి లేదు. దుకాణం అరుగు మీద లచ్చన్న, ఆయన పక్కన రాజం పటేలు కూర్చుని ఉన్నారు. రాజం మా ఊరి కమిటీ పెద్ద. జరిమానా రాసింది ఆయనే. అరుగు కింద బస్తాలకు ఆనించి స్టెప్నీ పెట్టి ఉంది. రిమ్ము మీద తెల్ల రంగుతో లచ్చన్న పేరు.

బాపు దిగి అరుగుకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. "లచ్చన్న పటేలా, స్టెప్నీ అమ్ముతవట."

లచ్చన్న సేటు వైపు తిరిగాడు. "సేటూ, తేమ ఎంత అంటివి?"

"ఆరొందలని గంగాదాస్ చెప్పిండు. తెచ్చిన."

లచ్చన్న ఒక పసుపు కొమ్ము తీసుకుని విరిచాడు. రెండు ముక్కలనూ వెలుతురుకు పెట్టి చూశాడు.

ముకుంద్ సేటు ఇద్దరినీ చూశాడు. "అరె, అడుగుతుండు గదనే. జవాబియ్యి."

"సేటూ, గిది మా ఊరి ముచ్చట" అన్నాడు రాజం. "మేము ఆయనతోని మాట్లాడం. నువ్వు మాట్లాడొచ్చు. చెప్పు ఆయనకు. తప్పయింది అంటే గీడనే, గిప్పుడే అయిపోతది. జరిమానా మాఫ్. స్టెప్నీ నేను ఇప్పిస్త."

"విన్నవా?" అన్నాడు సేటు బాపుతో.

"నా తప్పేందో అడుగు సేటూ."

"తప్పేందని అడుగుతుండు."

"కమిటీ మాట తీసేసుడు."

"పొయ్యి కాడ కాళ్లు కాల్చుకునేటోడు రేటు అడుగుడు తప్పా అని అడుగు."

సేటు రెండు చేతులూ పైకెత్తాడు. "నేను పసుపు కొనాల్నా, మీ మాటలు మొయ్యాల్నా? నాకేమన్న కమీషన్ ఇస్తరా దీనికి?"

హమాలీలు నవ్వారు. రాజం కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "బిడ్డకు అర్ధరాత్రి నొప్పులొస్తే, నడిదోవల టైరు పోతే ఏం జేస్తడో అడుగు సేటూ. మనం మంచికే చెప్తున్నం" అన్నాడు.

బాపు వెనక్కి తిరిగాడు. "పా బిడ్డా."

అప్పటికి నేను కారు దిగి బానెట్ దగ్గర నిలబడి ఉన్నాను. ఎప్పుడు దిగానో తెలియదు. ముందు లారీ, వెనక ట్రాక్టరు, రెండు పక్కలా రాశులు. పా అన్నాడు గానీ పోవడానికి దారి లేదు. ఆరు వందలకు ఇంకెక్కడా స్టెప్నీ లేదు. అక్కకు ఎనిమిది రోజులే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. బాపు ఆ మాట అనడు. అనడని నాకు తెలుసు, రాజంకూ తెలుసు. అనకపోవడం బాపుకు ఎంత ముఖ్యమో కూడా నాకు తెలుసు. రెండు నెలలుగా మా ఇంట్లో మిగిలింది అదొక్కటే.

"తప్పయింది పటేలా" అన్నాను.

నా గొంతు నాకే సరిగా వినిపించలేదు. కానీ కాంటా దగ్గర హమాలీ బస్తా ఎత్తబోయి ఆగాడు.

"ఎవలన్నరు?" అన్నాడు రాజం.

"మా ఇంటిది తప్పయింది." ఈసారి అందరికీ వినిపించింది.

"ఆడపోరి అంటే అయితదా?" అన్నాడు అరుగు చివర కూర్చున్న ఒకాయన.

రాజం గడ్డం రుద్దుకుంటూ నన్ను చూశాడు, బాపును చూశాడు. "ఇంటి మాటనే అనుకుందాం. ఏమంటవ్ సేటూ? పోరి అన్నది. డేవిడ్ కాదనకుంటె చాలు."

ఇక అందరూ బాపు వైపే చూశారు. లచ్చన్న కూడా తలెత్తాడు. బాపు నా వైపు చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. కోపం లేదు. నేనెవరో గుర్తుపట్టడానికి చూస్తున్నట్టుంది ఆ చూపు. తర్వాత బస్తాలకు ఆనించిన స్టెప్నీని చూశాడు. కాదను బాపూ అని ఒకసారి అనుకున్నాను. వెంటనే, వద్దు, అనకు అనుకున్నాను. ఆయన నోరు తెరిచాడు. ఎక్కడో లారీవాడు హారన్ కొట్టాడు. నోరు మూసుకున్నాడు.

కాదనలేదు.

"అయిపోయింది పో" అన్నాడు రాజం తొడ మీద చరుచుకుని. "ఇగ మాట్లాడుండ్రి."

లచ్చన్న అరుగు దిగి వచ్చాడు. రెండు నెలల మాటలన్నీ నోట్లోనే పెట్టుకుని ఉన్నాడో ఏమో, ఆగకుండా మాట్లాడాడు. "మస్తు టైరు డేవిడూ. రోడ్డు మీద తిరిగిందే తక్కువ. గీతలు చూడు, ఎట్లున్నయో. శ్యామల మంచిగున్నదా? మా ఇంటామె దినాం అడుగుతది. నువ్వు మూడొందలియ్యి చాలు."

"ఆరొందలంటివట."

"గప్పుడు వేరే గదా."

బాపు ఆరు వందలూ అరుగు మీద పెట్టాడు. లచ్చన్న మూడు వందలు తీసి ఇవ్వబోతే చేయి చాపలేదు. స్టెప్నీని కూడా ముట్టుకోలేదు. లచ్చన్నే దొర్లించుకుని వచ్చి, ఎత్తి డిక్కీలో పెట్టాడు. "గాలి చూపిచ్చుకో. ఊకె ఉన్నదాంట్ల గాలి దిగుతది" అన్నాడు. రాజం లారీవాణ్ని కేకేసి దారి ఇప్పించాడు.

పంచరు దుకాణంలో గాలి పట్టించాం. నిలిచింది. కారుకు పెట్టి చూస్తే నాలుగు నట్లూ సరిపోయాయి. ఊరి దారిలోకి తిరిగాక బాపు ఎప్పటిలాగే తుమ్మకొమ్మ కనిపించిన చోటల్లా వేగం తగ్గించి, పక్కనుంచి మెల్లగా పోనిచ్చాడు. స్టెప్నీ ఉన్నా అంతే.

"బాపూ" అన్నాను ఒకసారి.

ఆయన గేరు మార్చాడు. కాలువ వంతెన దాటాక, "అక్కకు చెప్పకు" అన్నాడు.

సరేనన్నాను.

కానీ రాజం పటేలు ఫోను మాకంటే ముందే ఊరు చేరింది. ఇంటి ముందు కారు ఆగేసరికి వాకిట్లో పక్కింటి కమలవ్వ అక్కను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాస్తోంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరో చాటలో వంకాయలు తెచ్చారు. అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అక్క నవ్వుతోంది.

"ఏం పిల్లా, గింత బక్కగైనవ్?" అంది కమలవ్వ నన్ను చూసి. నిన్న కూడా నాతో మాట్లాడినట్టే అంది. నేను తల ఊపాను.

బాపు ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లు ఆయన దిగుతాడేమోనని చూశారు. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంజను చప్పుడు మిగిలింది.

అక్క జుట్టు ముడేసుకుంటూ లేచింది. నడుం మీద చేయి పెట్టుకుని మెల్లగా నడిచి వచ్చి, బాపు వైపు కిటికీ దగ్గర వంగింది. ఆమె మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. యార్డులో ఏం జరిగిందో అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"స్టెప్నీ దొరికిందా బాపూ?" అంది.

బాపు తాళం చెవి తిప్పి ఇంజను ఆపాడు.

"దొరికింది" అన్నాడు.

కారు మాత్రం దిగలేదు. నేను కూడా ఆయన పక్కన అలాగే కూర్చున్నాను.