చూడకుండా దాచిన దీవి

లిఫ్టు మెకానిక్ ఉద్యోగంలో పైకీ కిందికీ తప్ప మూడో దిక్కు లేదు. పొద్దస్తమానం ఇరుకు గోతిలో గ్రీజు పూసుకుని వేలాడే మనిషి, ఇంటికొచ్చి టీవీ ముందు గేమ్ ఆడుతున్నాడంటే నవ్వేవాళ్లు నవ్వారు. "ఈ వయసులో ఏంటయ్యా ఆ పిల్లచేష్టలు?" అని తోటి మెకానిక్ దెప్పాడు కూడా. వాడికేం తెలుసు లెండి! ఆ గేములో దూరాన కొండ కనపడితే నడుచుకుంటూ వెళ్లి దాన్ని ఎక్కవచ్చు. వాగు అవతల పొగ లేస్తుంటే, ఎవరున్నారో వెళ్లి తొంగి చూడవచ్చు. ఎందుకొచ్చావని అడిగే నాథుడు లేడు. అసలు కథ ప్రకారం అతను ఒక రాక్షసుణ్ణి చంపాలి. ఆ రాక్షసుడు పాపం ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయుంటాడు, ఇతను మాత్రం అడవులు పట్టుకు తిరుగుతున్నాడు.

గేమ్ నేర్పింది కూతురు. మొగుడూ పెళ్లాలు విడిపోయాక పిల్ల తల్లితో వెళ్లిపోయింది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. సెలవులిస్తే మాత్రం పిల్ల నాన్న దగ్గరికి వస్తుంది. వాగుడుకాయ కాబట్టి అతను దాన్ని పిచ్చుకా అని పిలుస్తాడు. పోయినసారి బయల్దేరేముందు అది మ్యాప్‌లో ఇంకా అడుగు పెట్టక నల్లగా మిగిలిన ఓ మూల చూపించింది. సముద్రం మధ్యలో దీవి.

"నాన్నా, ఇది నువ్వొక్కడివే చూసెయ్యకు. నేనొచ్చాక ఇద్దరం కలిసి మొదటిసారి చూద్దాం. ఒట్టెయ్యి."

వేశాడు.

తర్వాతి సెలవులకి పిల్ల రాలేదు. ఆ పై సెలవులకి జ్వరమన్నారు. ఈలోగా అతను మిగతా లోకమంతా జల్లెడ పట్టేశాడు. జలపాతం వెనక దారి కనిపెట్టిన రోజున "అబ్బో!" అని పైకే అన్నాడు. పక్కన మడత పెట్టని బట్టలు తప్ప వినే ప్రాణి లేదు. చెప్పుకోవడానికి మనిషి లేకపోతే ఎంతటి వింతైనా చప్పబడిపోతుంది. కొన్ని సాయంత్రాలు ఒడ్డున నిలబడి ఆ దీవినే చూస్తూ ఉండేవాడు. పడవ సిద్ధంగానే ఉండేది. ఒక్కసారి వెళ్లొస్తే ఎవరికి తెలుస్తుందని మనసు పీకేది. ఛ, పిల్లకి మాటిచ్చి! పైగా ఆ దీవి చూడనంతకాలం, పిల్ల ఇక్కడికి రావడానికి ఒక కారణం మిగిలి ఉన్నట్టే. పిచ్చివాడు, ఆ ఆశతోనే రోజులు నెట్టాడు.

చివరికి వచ్చింది. పొడుగైంది, మాట తగ్గింది. అది సంచి దించీ దించకముందే అతను టీవీ పెట్టేశాడు.

"నేను చూడలేదు, తెలుసా! ఆ ఛాయలకే పోలేదు."

పిల్ల మొహం అదోలా అయింది. "నిజంగానా నాన్నా? ఇన్నాళ్లూనా?"

"మరి? ఒట్టంటే ఒట్టే."

"అయితే నువ్వే ఆడు. నేను పక్కన కూర్చుంటా."

పడవ దీవిని చేరింది. ఎదురుగా గుహ. అతను హుషారుగా లోపలికి దూరబోతుంటే "ఆగు!" అని అరిచింది పిల్ల. ఆగాడు. మరుక్షణం అడుగు దూరంలో బండరాళ్లు దబదబా పడ్డాయి.

అంతకుముందు చప్పుడు లేదు, దుమ్ము రాల్లేదు. అతనికి అర్థమైపోయింది. వాళ్లమ్మ కొత్త ఇంట్లో ఇంతకంటే పెద్ద టీవీ ఉందని తెలుసు. ఆ కొత్తాయన సరదా మనిషని కూడా విన్నాడు. ఎవరి పక్కన కూర్చుని చూసిందో అడగక్కర్లేదు. ఒళ్లు మండింది. మండి ఏం లాభం? పిల్ల తల దించుకుని పెదవి కొరుక్కుంటోంది.

"భలే కనిపెట్టావే పిచ్చుకా!" అన్నాడు.

"ఊరికే... అలా అనిపించింది నాన్నా."

గుహ దాటి కొండ కొసకి ఎక్కేసరికి, కింద సముద్రమంతా వెలిగే చేపలతో నిండి ఉంది. ఎంత బాగుందో! అతను పక్కకి తిరిగాడు. పిల్ల టీవీ వైపు చూడటం లేదు. బెదురుగా అతని మొహంలోకే చూస్తోంది.

"బాగుందా నాన్నా?"

"చాలా బాగుందమ్మా. దీన్ని మొదట చూసింది మనమిద్దరమే" అన్నాడు.

"అవును, మనమే" అంది పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.