వంకరగా పెట్టిన పట్టీ

నేను ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీని. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. అచ్చులోంచి ఊడిపడ్డప్పుడు ఏ దువ్వెన డబ్బాకో మూతనవుతాననుకున్నాను. ఆకాశం నా వంతుకొస్తుందని అనుకోలేదు.

విమానాలకు దారి చెప్పే గదిలో నా కొలువు. ఒక్కో విమానం పేరు, ఎత్తు, ఎక్కడికి ఎన్నింటికి చేరుతుందో రాసిన కాగితాన్ని నాలో దూర్చి బల్ల మీద వరుసలో పెట్టేవారు. రెండు విమానాలు ఒకే ఎత్తులో దగ్గరయ్యేలా ఉంటే నన్ను వంకరగా లాగేవారు. ఇక్కడ ప్రమాదం ఉంది, మరిచిపోకు అని అర్థం. గండం గడిచాక సరిచేసేవారు. ఆ సరిచేసే వేలి కోసమే బతికాను.

నరసింగరావు గారి చేతిలో పన్నెండేళ్లున్నాను. ఆయన పై అధికారి అయ్యాక హైమావతి చేతికొచ్చాను. ఆమెది చెమట చెయ్యి. పాప పుట్టాక మరీను. తిన్నగా ఉన్న నన్నే పదిసార్లు తడిమేది. భయం ఎక్కువైతే మనుషులు మాలాంటివాళ్లను పట్టుకుంటారు, పాపం.

ఆ ఏడాది కొత్త కంప్యూటర్ వచ్చింది. ఏ రెండు విమానాలు దగ్గరవుతాయో ఇరవై నిమిషాల ముందే చెబుతుంది. ఆ ధైర్యంతో విమానాలను పాత దారుల వెంటే కాక, గాలివాటం చూసి అడ్డంగా కూడా వెళ్లనిచ్చారు. అలవాటు పోక నన్నూ పక్కనే ఉంచారు.

ఒక మధ్యాహ్నం నా విమానానికి హైమావతే అడ్డదారి ఇచ్చింది. నా కాగితం మీద మాత్రం పాత దారి వేళలే ఉన్నాయి. వాటినే నమ్మి నన్ను తిన్నగా పెట్టింది. కంప్యూటర్ తెర మీద ఎరుపు వెలిగింది, అదే ఎత్తులో ఇంకో విమానం ఎదురొస్తోందని.

"అమ్మాయ్, నీ పట్టీ తిన్నగానే ఉందేంటి?" వెనకనుంచి నరసింగరావు గారు.

"అయ్యబాబోయ్, పాత లెక్కే చూశాను సార్!"

నన్ను వంకరగా లాగి, మైకులో విమానాన్ని రెండు వేల అడుగులు దిగమంది. కాసేపటికి రెండూ ఒకదాని మీదుగా ఒకటి దాటిపోయాయి. మూడొందల మంది. టీ తాగుతూ ఉండుంటారు.

"ఈ పట్టీలు తీయించేయండి సార్. ఇవుంటే నా కళ్లు వీటి మీదకే పోతున్నాయి."

"ఇన్నేళ్లు అన్నం పెట్టాయమ్మా!"

"పెట్టాయి సార్. పైనున్నవాళ్లకీ ఇంటిదగ్గర పిల్లలుంటారు కదా."

నాకు కోపం రాలేదు. ఆమె అన్నది నిజమే. ఆ కంగారులో నన్ను సరిచేయడం మాత్రం మరిచిపోయింది.

ఇప్పుడు నడవాలో అద్దాల బీరువాలో ఉన్నాను. చూడ్డానికి బాగుందని ఎవరో నన్ను అలా వంకరగానే పెట్టి తాళం వేశారు. వచ్చేపోయేవాళ్లకు బొమ్మను. నాకింకా ఆ గండం గడవలేదు.

నిన్న హైమావతి ఫోనులో "పాప పాలు తాగిందా అత్తయ్యా?" అంటూ వచ్చి, నన్ను చూసి ఆగింది. అద్దం మీద వేలు ఆనించి, నన్ను సరిచేస్తున్నట్టు మెల్లగా జరిపింది. చెమట గీత ఒకటి పడింది. ఆమె వెళ్లేలోపే ఆరిపోయింది.