వేషం గడి

పాకాల దగ్గర ధర్మరాజుల గుడి నాటక సమాజానికి వెబ్‌సైట్ పెట్టాలని తీర్మానం చేసినప్పుడు, సభ్యుల వివరాలు రాసే పని రాజశ్రీకి అప్పగించారు. ఆమె బడిపంతులమ్మ, తప్పులు దొర్లవని నమ్మకం. ఏటా పద్దెనిమిది రోజులు గుడి ముందు భారతం ఆడే పద్దెనిమిది మంది. ఒక్కొక్కరికీ ఫోటో, ఊరు, వృత్తి, వేషం.

పదిహేడు మందివి రాశాక భర్త మునిచంద్రది రాసింది. నాలుగు నెలల కిందట గుండె ఆగి పోయిన మనిషిని మూడు వాక్యాల్లో చెప్పడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. "మునిచంద్ర. ఇరవై రెండేళ్లు ద్రౌపది. ఈ ఊరి ఆడవాళ్లు ఆయన చేతి కుంకుమ కోసం వరసలో నిలబడ్డారు."

ఆదివారం పొద్దున తెరిచి చూస్తే ఆ వాక్యాలు లేవు. జుట్టు విరబోసుకున్న ద్రౌపది ఫోటో లేదు. పాస్‌పోర్టు ఫోటో పెట్టి, కింద "మాజీ కోశాధికారి" అని రాశారు. వేషం గడి ఖాళీగా ఉంది.

సమాజం అధ్యక్షుడు సుందరరాజు, మునిచంద్రకు సొంత అన్న. రాజశ్రీ నేరుగా అతని ఎరువుల కొట్టుకు వెళ్లింది.

"ఎవరు మార్చినారు బావా?"

"నేనేమ్మా. కూర్చో, టీ చెప్తా."

"టీ వద్దు. ఎందుకు మార్చినారు?"

"సూడమ్మా, మన ఊళ్లో ఆడేది వేరే. ఇది లోకమంతా సూసేది. మగోడు కోక కట్టుకున్న ఫోటో దొరికితే ఈ కాలం పిల్లోళ్లు మీమ్సు చేసి ఎగతాళి పట్టిస్తారు. పోయినోడి పరువు కాపాడినాను, అంతే."

"ఆయన పరువా, మీదా? పోయినేడు దుర్యోధన వధ రోజు మీ మనవరాలిని తెచ్చి ఆయన కాళ్ల కాడ పెట్టింది మీరు కాదా?"

"అది ద్రౌపది అమ్మోరి కాళ్ల కాడ. వాడి కాళ్లా అవి?"

"మరి ఒంటిపూట తిని, పద్దెనిమిది రోజులు గుడిలో చాప మీద పండుకున్నిది ఎవురు బావా?"

సుందరరాజు ఎరువు మూటలవైపు చూశాడు. అతనిది భీముడి వేషం. వెబ్‌సైట్‌లో గద భుజాన వేసుకున్న అతని ఫోటోయే అన్నిటికన్నా పెద్దది.

రాజశ్రీకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ సంగతి ఆమె బడి పిల్లలకు బాగా తెలుసు. "సరే. సిగ్గుపడాల్సిన గడి అయితే అది ఎవరికీ వద్దు. ఒకరికొక రూలు, ఇంకొకరికొక రూలు నా తరగతిలో లేదు."

ఇంటికి వచ్చి, మధ్యాహ్నానికల్లా పదిహేడు వేషాలూ, వాటి ఫోటోలూ తీసేసింది. అర్జునుడు లారీ డ్రైవరయ్యాడు. కృష్ణుడు పాలకేంద్రం గుమాస్తా, దుర్యోధనుడు టైలరు, భీముడు ఎరువుల వ్యాపారి అయ్యారు.

మొదటి ఫోను లారీ డ్రైవరు ఢిల్లీబాబుది.

"మేడమ్, నా అర్జునుడు యాడ పోయినాడు? బెంగుళూరులో మా బామ్మర్దికి లింకు పంపించేసినా. లారీ తోలేదానికి కూడా వెబ్‌సైటా అప్పా అని నవ్వతాండాడు!"

"ద్రౌపదిని తీసేసినారు. ఆమె లేని భారతంలో అర్జునుడికి ఏం పని?"

"మునిచంద్రన్నను తీసేసినారా? ఎవురు?"

"మీ అధ్యక్షుణ్ణి అడగండి."

తర్వాత వచ్చిన ఫోన్లన్నిటికీ అదే జవాబు చెప్పింది. సాయంత్రం ఐదింటికి సుందరరాజు చేశాడు.

"అందురూ నా మింద పడినారమ్మా. సరే, పెట్టెయ్."

"తీసింది మీరు. పెట్టాల్సింది కూడా మీరే."

"నాకు ఆ టైపింగు రాదు గదమ్మా."

"తీసేటప్పుడు వచ్చింది గదా."

అరగంటకు ద్రౌపది తిరిగి వచ్చింది. మూడు వాక్యాలూ ఆమె రాసినట్టే ఉన్నాయి. రాజశ్రీ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని తక్కిన వేషాలు ఒక్కొక్కటీ పెట్టడం మొదలుపెట్టింది. భీముడి గదను మాత్రం మరునాటికి వాయిదా వేసింది.