ముఖ్య అతిథి చేతుల మీదుగా

కాప్రాలో జ్ఞానశేఖర్ ఇంటి పక్క ఖాళీ ప్లాటు నిండా నడుమెత్తు గడ్డి. పాముల భయంతో కాలనీ సంఘం ఏటా ఎండలు ముదరకముందే దాన్ని తగలబెడుతుంది. ఈసారి ఆ గడ్డిలో కౌజుపిట్ట గుడ్లు పెట్టిందని ఆయన భార్య మేబెల్ కనిపెట్టింది.

"పిల్లలయ్యేదాకన్న ఆపమని చెప్పున్రి. మంటల గురించి ఇన్నేండ్లు చదివిన్రు గద, మన గోడ పక్కన సుత పనికొస్తదేమో చూద్దాం" అంది.

ఆయన ఒప్పుకున్నాడు. అడవి మంటలను ఉపగ్రహ చిత్రాల్లో ఎర్ర చుక్కలుగా చూసి పేరు తెచ్చుకున్న మనిషి. ఇంట్లో పొయ్యి వెలిగించాలంటే మేబెల్‌ను పిలుస్తాడు.

ఆదివారం ప్లాటు ముందే కుర్చీలు వేసి సంఘం సమావేశమైంది. "మంట మనకు శత్రువు కాదు" అని జ్ఞానశేఖర్ మొదలుపెట్టాడు. ముందు వాళ్లకు నచ్చేది చెప్పి, తర్వాత 'అయితే' అంటూ గుడ్ల దగ్గరికి తేవాలని ఆయన ఆలోచన. గడ్డిభూములు మంటల వల్లే బతికాయన్నాడు. కాలితే తప్ప విత్తనం వదలని చెట్లున్నాయన్నాడు. చిన్న మంటలను మరీ అణిచేస్తే ఎండుటాకు పేరుకుని, వేడెక్కుతున్న భూమ్మీద అడవులకు అడవులే పోతాయన్నాడు. అన్నీ నిజాలే. జనం తలలూపారు. 'అయితే'ను ఇంకో ఉదాహరణ తర్వాతకు వాయిదా వేశాడు. మళ్లీ ఇంకోదాని తర్వాతకు. ఒప్పించడానికి వచ్చి మెప్పు కోసం మాట్లాడుతున్నానని ఆయనకు తెలుస్తూనే ఉంది. తెలిస్తే ఆగుతామనుకోవడం చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం. చప్పట్లు మోగాయి.

సంఘం అధ్యక్షుడు హరికిషన్ లేచాడు. "తప్పు చేస్తున్నమేమో అని జెర పరేషాన్ ఉండె సార్. మీరు సాఫ్ చెప్పిన్రు. ఇగ మీ చేతుల మీదనే షురూ చేద్దాం."

"ఇప్పుడేనా?"

"శాలువా సుత తెచ్చినం సార్."

ముఖ్య అతిథి అన్నాక ఏదో ఒకటి వెలిగించాలి. శాలువా కప్పారు. జ్యోతి ప్రజ్వలనకు వాడే కొవ్వొత్తి చేతికిచ్చి, చెప్పులు విప్పమన్నారు. కాదనడానికి నోరు తెరిచాడు. ఫోన్లన్నీ ఆయన వైపే ఉన్నాయి. తెరిచిన నోరు చిరునవ్వుగా మారింది. వంగాడు.

గడ్డి చిటపటలాడింది. కౌజుపిట్ట అరుస్తూ లేచి కాప్రా చెరువు వైపు ఎగిరిపోయింది. గోడ అవతల మేబెల్ నిలబడి చూస్తోంది.

ఇంటికొచ్చి, వానలు పడగానే గడ్డి మొలుస్తుందని, బూడిద నేలకు బలమని, కౌజులు మళ్లీ గుడ్లు పెట్టగలవని ఆమెకు వివరించాడు.

మేబెల్ కిటికీలోంచి నల్లటి నేలను చూస్తోంది.

"చెప్పున్రి, ఇంకా చెప్పున్రి" అంది.

ఆయన నిజంగానే చెప్పాడు.