శుభకృత్ సీసా

రోజూ లాగే ఎదుర్లంక సెంటర్లో చేపలమ్ముకుని, బుట్ట కడిగి బోర్లించి, ఆ వేళ మాత్రం కనకదుర్గ ఇంటికి పోకుండా యానాం ఆటో ఎక్కింది. మర్నాడు మొగుడు ధర్మరాజుకి అరవై నిండుతాయి. అరవై నిండిన మనిషికి పుట్టిన ఏటి వైను పొయ్యడం వాళ్ళ ఊరి ఆనవాయితీ. ఏ ఏటి సీసా ఆ ఏట పుట్టినవాళ్ళతోనే మాట్లాడుతుంది. గ్లాసులో పోసిచ్చి తాగిస్తే, వాళ్ళు పుట్టిన పొద్దుటి చప్పుళ్ళన్నీ గదిలో వినిపిస్తాయి. వేరే ఏటివాళ్ళకి పోస్తే మూగసీసా. పుల్లగా తాగి మూతి తుడుచుకోవడమే.

ధర్మరాజుకి ఈ ముచ్చటేమీ అక్కర్లేదు. వాళ్ళింటి మగాళ్ళు, పుట్టిన ఏటి పేరు అరవయ్యేళ్ళకి మళ్ళీ తిరిగొస్తే, ఆ ఏడు దాటరు. తాత దాటలేదు, తండ్రీ దాటలేదు. బళ్ళో వేసినప్పుడు మేష్టారు నోటికొచ్చినట్టు అరవైమూడు జూన్ ఒకటి అని రాసుకుని, శోభకృత్‌లో పుట్టేడన్నారు. మొన్న ఉగాదికి ఆ శోభకృత్ రానే వచ్చింది. అంతే, బంగారం లాంటి పడవని గట్టెక్కించేసి, అరుగు మీద కూర్చుని చావు కోసం ఎదురుచూస్తున్నాడు మహానుభావుడు! అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు.

ఇతన్ని కన్న తల్లి నెల తిరక్కుండానే పోయింది. అమ్మ గొంతెలా ఉంటుందో ఎరగడు. పోతే పోయేడు, పోయేలోగా ఒక్కసారైనా ఆ గొంతు వినిపించాలని కనకదుర్గ పంతం.

యానాంలో కృపానందం గారి తాతలు ఏటా ఫ్రాన్సు నించి తెప్పించిన సీసాల్ని వెనక గదిలో ఇసకలో పాతి దాచేరు. సీసాల మీద ఏళ్ళ పేర్లు తెలుగులో రాసి అంటించి ఉంటాయి. శోభకృత్ కావాలండీ అని అడిగితే, ఎనభై దాటిన ఆ పెద్దమనిషి ఆయ్ అంటూ లోపలికెళ్ళి ఒకటి తడిమి తీసి, పాత పేపర్లో చుట్టి ఇచ్చేరు. అడుగున మడ్డి కదలకూడదమ్మా, పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకెళ్ళమని చెప్పేరు. వంతెన దాటి ఇల్లు చేరేదాకా ఆవిడ అలాగే ఎత్తుకుంది.

మర్నాడు దండలు మార్చుకున్నాక, చుట్టాలందరి ముందూ పేపరు విప్పింది. చీటీ మీద ‘శుభకృత్’ అని ఉంది. శోభకృత్ కాదు, దాని ముందరి ఏడు. ముసలాయన కొమ్ముకీ ఓత్వానికీ మధ్య మోసపోయేరు. పుట్టినరోజు నాడు సీసా మూగబోయిందంటే ఇంకేమన్నా ఉందా! ఈ మనిషి ఇప్పుడే మంచం పట్టేస్తాడు. ఈలోగా వియ్యపురాలు సత్యనారాయణమ్మ గ్లాసు తెచ్చి ముందు పెట్టేసింది. చేసేది లేక కనకదుర్గ చీటీ మీద అరచెయ్యి అడ్డం పెట్టి పోసింది.

ధర్మరాజు ఒక గుక్క తాగేడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. చుట్టాలు మొహాలు చూసుకున్నారు. కనకదుర్గ కళ్ళు మూసుకుంది.

అప్పుడు తాటాకు కప్పు మీద గాలి గలగలలాడింది. ఎక్కడో కోడి కూసింది. మగపిల్లాడేనని మంత్రసాని చెప్పింది. ఆ వెనకే, అలిసిపోయిన ఓ పడుచుపిల్ల నవ్వు.

“ఎల్లుండి ఉగాది వెళ్ళేక పుడతాడనుకుంటే, తొందరపడి పాత ఏట్లోనే వచ్చేసేడు చూడు నా తండ్రి.”

ధర్మరాజుకి ఆ మాటల అర్థంతో పనిలేకపోయింది. అరవయ్యేళ్ళకి అమ్మ గొంతు విన్నాడు. నలుగురిలో ఉన్నానన్న సిగ్గు లేకుండా వెక్కి వెక్కి ఏడ్చేడు. మళ్ళీ పొయ్యమన్నాడు, మళ్ళీ విన్నాడు. మడ్డి తేలేదాకా పోయించుకున్నాడు. సత్యనారాయణమ్మ కూడా కళ్ళొత్తుకుని, వడ్డనకి ఆకులెయ్యమని పిల్లల్ని కేకేసింది.

అందరూ భోజనాలకి లేచేక కనకదుర్గ చీటీ మీంచి చెయ్యి తీసింది. ధర్మరాజు కూడబలుక్కుని చదివేడు.

“శుభకృత్ అంటే నిరుడే కదే?”

“ఆయ్, నిరుడేనండి.”

“మరైతే నిరుడంతా నేనేం చేసేను?”

ఆవిడ తీరుబడిగా చెప్పుకొచ్చింది. వరదలో పడవేసుకెళ్ళి లంకలో వాళ్ళని గట్టుకి చేర్చేరు. మనవరాలికి చెవులు కుట్టించేరు. అంతర్వేది తీర్థంలో నాకు జీళ్ళు కొనిపెట్టి, సగం మీరే తినేసేరు. పులస పులుసు బాగా కుదిరిందని పక్కింటివాళ్ళని కూడా పిల్చుకొచ్చి నాకు మిగల్చలేదు. ధర్మరాజు ఎవరి సంగతో వింటున్నట్టు నోరు తెరుచుకుని విన్నాడు.

“అలా వెళ్ళిపోయిందా ఆ ఏడు? నాకు తెలీనేలేదే!”

“తెలిస్తే మీరు బతికేవారా ఏవిటి?” అంది కనకదుర్గ.