పెదాలు ఆడిస్తే చాలు

పాటల టీచరు తలుపు దగ్గర నిలబడి, వస్తున్న పెద్దవాళ్లందరినీ ముఖం నిండా నవ్వుతో పలకరిస్తోంది. పసిపిల్లల సంగీతం క్లాసు చూడ్డానికి ఇంటివాళ్లు వచ్చే రోజది. నాన్నలు బుల్లి కుర్చీల్లో ఇరుక్కుని, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే అవస్థ పడుతున్నారు. ఒక బాబాయి చూసుకోకుండా గిలక్కాయ మీద కూర్చుని, అది గలగలమనగానే ఉలిక్కిపడి లేచాడు.

అప్పుడు వచ్చింది ఆవిడ, ముందుపళ్లు ఊడిన బుడంకాయగాడి చెయ్యి పట్టుకుని. వాడి అమ్మమ్మట.

టీచరు నవ్వు చెక్కుచెదరలేదు గానీ లోపల ఒళ్లు భగ్గుమంది. ఆ ముక్కు, ఆ చూపు ఎన్నేళ్లయితే మాత్రం మరిచిపోయే రకమా? తన చిన్నప్పటి సంగీతం టీచరు! బడి వార్షికోత్సవానికి ముందు, అందరి ఎదుటా తనకేసి వేలు చూపించి, "నీ గొంతు బయటికి రానివ్వకు. పెదాలు ఆడిస్తే చాలు" అన్న మహాతల్లి. ఆ రోజు వేదిక మీద ఆ పిల్ల చేపపిల్లలా నోరు తెరిచి మూసింది. ముందు వరసలో అమ్మేమో, కూతురు పాడుతోందనుకుని మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటే టీచరుకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

"రండమ్మా, రండి. మీకోసమే ఎదురుచూస్తున్నాను," అంది. అబద్ధమేం కాదు మరి.

ఆవిడ గుర్తుపట్టలేదు. అంత మాట అని, ముఖమైనా గుర్తుంచుకోలేదన్నమాట!

ఈ క్లాసుకు ఒక పద్ధతుంది. వచ్చిన పెద్దవాళ్లు ఒక్కొక్కరూ మధ్యలో నిలబడి స్వాగతం పాటలో ఒక వరుస పాడాలి. పిల్లలు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పాలి. 'విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు' అని టీచరు రోజూ నూరిపోసేది. బాబాయి పాడుతూ మధ్యలో తుమ్మితే పిల్లలందరూ తుమ్మారు. గదంతా ఒకటే నవ్వులు.

తరవాత అమ్మమ్మ వంతు. ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. వయసు మీద పడ్డ గొంతు, రెండో మాటకే బొంగురుపోయింది.

ఇదే అదను. టీచరు చెయ్యెత్తి ఆపింది.

"అమ్మగారూ, మీ గొంతు బయటికి రానివ్వకండి. పెదాలు ఆడిస్తే చాలు."

వెనక కుర్చీలో కూర్చున్న బుడంకాయ వాళ్లమ్మ ముఖం మాడిపోయింది. టీచరు మాత్రం అమ్మమ్మ ముఖంలోకే కళ్లార్పకుండా చూస్తోంది. కుంగిపో. సిగ్గుతో చచ్చిపో. నన్ను గుర్తుపట్టు! ఒక్క కన్నీటి చుక్క రాలినా చాలు, ఇన్నేళ్ల కసి తీరుతుంది.

ఆవిడ ఏమీ కుంగలేదు. బుద్ధిగా తలూపి, వరుసంతా పెదాలు మాత్రమే ఆడించి ఊరుకుంది.

ఇక పిల్లల వంతు. టీచరు అడ్డుపడేలోపే వాళ్లు చూసింది చూసినట్టు నోళ్లు తెరిచారు, మూశారు. ఒక్క గొంతూ లేవలేదు. అందరికంటే పెద్దగా నోరు తెరిచినవాడు బుడంకాయగాడే. ఇదీ ఆటలో భాగమే కాబోలనుకుని తల్లులు ఫోన్లు పైకెత్తి మురిసిపోతున్నారు. "పాడండర్రా, గట్టిగా పాడండి!" అని అరవబోయింది టీచరు. తన గొంతే పెగల్లేదు.

అమ్మమ్మే టీచరు దగ్గరికొచ్చి ఆప్యాయంగా భుజం తట్టింది.

"ఎంత చక్కగా నేర్పావమ్మా! ఒక్క అపస్వరం లేదు."

ఆవిడ నోటి నుంచి టీచరు అందుకున్న మొదటి మెప్పు అది.