నల్ల చొక్కా ఎవరు ఉతకాలి

మా ఇంట్లో ఒక నల్ల చొక్కా ఉంది. ఎవరో కుట్టమని ఇచ్చి వదిలేసింది కాదు, నాన్న పాతికేళ్ళ కిందట మిగిలిపోయిన గుడ్డతో తనకోసం కుట్టుకున్నాడు. మెడ దగ్గర రెండుసార్లు అతుకు పడింది. రోజూ పొద్దున ఆరింటికి ఆయన దాన్ని తొడుక్కుని, టైలర్ షాపు వెనక గదిలో గోడకి ఓ అడుగు ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకునేవాడు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దని నేను కాలి వేళ్ళకీ అరికాలికీ దట్టంగా రాసుకుని ఆయన ఛాతీ మీదికి తన్నేదాన్ని.

తగలకూడదు. విద్యంతా అందులోనే ఉంది. కాలు బలమంతా కూడగట్టుకుని వెళ్ళాలి, చొక్కా మూడో గుండీకి వేలు మందం ఎడంలో ఆగిపోవాలి. చొక్కా మీద సుద్ద పడితే తప్పు నాది, చొక్కా నేను ఉతకాలి. ఎదురుగా నిలబడ్డ మనిషి కదిలితే తప్పు ఆ మనిషిది, చొక్కా తనే ఉతుక్కోవాలి. నాన్నకి నేర్పిన గురువుగారు పెట్టిన నియమం ఇది. "ఆయనింట్లో బట్టలుతికే దిక్కు లేక ఈ విద్య కనిపెట్టి ఉంటాడు" అని అమ్మ అంటుంది.

చిన్నప్పుడు ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతికానో చెప్పలేను. పదహారేళ్ళు దాటాక ఉతికే పని పడలేదు. నాన్న అయితే ఒక్కసారి కూడా ఉతుక్కోలేదు. బల్లి మీద పడితే బల్ల ఎక్కి కూర్చునే మనిషి, నా కాలు ముందుకొస్తే మాత్రం రెప్ప వేసేవాడు కాదు. నన్ను ఎంత నమ్ముతున్నాడో రోజూ నాకు అలా కొలిచి చూపించేవాడు. నోటితో ఎప్పుడూ చెప్పలేదు, చెప్పించుకోవాలని నాకూ అనిపించలేదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఓ రోజు పొద్దున్నే కోచ్ మేడమ్ ట్రాక్ ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి షాపుకి వచ్చింది. మెళ్ళో స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది కాబట్టి అమ్మ ఆవిడకి కోచ్ మేడమ్ అని పేరు ఖాయం చేసింది. పరదా సందులోంచి నా తన్ను చూసి, ఎవరో మర్చిపోయిన గొడుగు గురించి అడిగినట్టు, "ఆ కాలు ఎవరిదండీ?" అంది.

"మా అమ్మాయిది" అన్నాడు నాన్న.

"అంత దూరం వెళ్ళిన కాలు ఎందుకు ఆపుతున్నావమ్మా?"

"ఆపడం కోసమేనండీ నేర్చుకుంది" అన్నాను.

"మా పోటీల్లో ఛాతీకి కట్టుకునే చెస్ట్ గార్డులో మెషిన్ ఉంటుంది. నువ్వు ఎంత అందంగా ఆపినా దానికి కనపడదు. తగిలితేనే పాయింటు. గట్టిగా తగలాలి."

నాకు వెళ్ళాలనిపించింది. నా కాలు ఎలాంటిదో నాన్నకీ, అమ్మకీ, పరదా సందులోంచి చూసే ఖాతాదారులకీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. పగలంతా కాజాలు కుట్టేదాన్ని. ఒక్కసారైనా బోర్డు మీద నా పేరు చూసుకోవాలని ఉండేది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని ఇప్పటికీ అంటాను. కానీ నాన్నకి ఒక మాట ముందే చెప్పాను. "పొద్దున ఆరింటికి నువ్వు నా ముందు నిలబడాలి. అది పోయేట్టుంటే నాకు ఏ పతకమూ వద్దు."

"ఈ చేత్తోనే గుడ్డ కత్తిరిస్తాను, ఈ చేత్తోనే కుడతాను" అన్నాడు నాన్న. "ఎప్పుడు ఏం చెయ్యాలో చేతికి తెలుసు. కాలికీ తెలుస్తుందిలే. వెళ్ళు."

"కాలికి తెలిసేలోపు మీ ఛాతీకి తెలుస్తుంది" అంది అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. ముగ్గురం నవ్వుకున్నాం.

మొదటి నెల మ్యాట్ మీద నాకు సున్నా. కాలు వెళ్ళేది, ఆగేది. మెషిన్ ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. "తంతున్నావా, దణ్ణం పెడుతున్నావా?" అని కోచ్ మేడమ్ అరిచేది. రెండో నెలలో ఒక చిట్కా చెప్పింది. "ఎదుటిపిల్ల ఛాతీని చూడకు. దాని వెనక గోడ ఉందనుకో. గోడని తన్ను. మధ్యలో ఎవరున్నారో నీకు అనవసరం." సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా అదే పని. గోడ, గోడ, గోడ. అయిదో నెలకి తన్నిన ప్రతిసారీ మెషిన్ కూత పెట్టసాగింది. ఆ కూత వింటుంటే ఒళ్ళంతా హాయిగా ఉండేది. పదేళ్ళు బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టుండేది.

పొద్దున్న మాత్రం నల్ల చొక్కా మీద చిన్న గీత కూడా పడలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు బయటి కాలు బయటే విడిచి రమ్మని అమ్మ వేళాకోళం చేసేది. ఎనిమిది నెలలు అలాగే విడిచి వచ్చాను. రెండు కాళ్ళూ నా చెప్పుచేతల్లోనే ఉన్నాయనుకున్నాను. కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడం ఎందుకు.

ఆ రోజు గోడకి కొత్త కాగితాలు ఉన్నాయి. ముందురోజు పెద్ద యూనిఫారాల ఆర్డరు వచ్చింది. చొక్కా ముందు భాగం, వెనక భాగం, చేతులు అన్నీ అట్టకాగితం మీద కత్తిరించి, నాన్న ఆ గోడకి మేకులు కొట్టి వేలాడదీశాడు. ఆయన భుజం వెనక నుంచి ఒక కాగితం తొంగి చూస్తోంది. నా చూపు మూడో గుండీ మీద ఉండాల్సింది. కాగితం మీదికి వెళ్ళింది. అక్కణ్ణించి గోడ మీదికి వెళ్ళింది.

గోడని తన్నాను. మధ్యలో నాన్న ఉన్నాడు.

చెక్క హ్యాంగర్ విరిగినట్టు చప్పుడైంది. నాన్న గోడకి కొట్టుకుని అలాగే కిందికి జారాడు. కాగితాలు ఆయన మీద పడ్డాయి. తల వంచి ముందుగా చొక్కా చూసుకున్నాడు. నా అరికాలు అయిదు వేళ్ళతో సహా తెల్లగా అచ్చు పడి ఉంది. "పడింది" అన్నాడు. తర్వాత ఊపిరి అందలేదు.

ఆస్పత్రిలో డాక్టర్ అడిగితే, స్టూలు మీంచి పడ్డానన్నాడు నాన్న. డాక్టర్ చొక్కా వంక చూశాడు. "స్టూలుకి అయిదు వేళ్ళున్నాయా?" అన్నాడు. అమ్మకి నవ్వు ఆగలేదు. వరండాలోకి వచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను నవ్వలేదు, ఏడవలేదు. ఎక్స్‌రేలో రెండు పక్కటెముకలు విరిగి ఉన్నాయి. ఆరు వారాలు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, మిషన్ తొక్కకూడదు అన్నారు.

కోచ్ మేడమ్‌కి ఫోన్ చేసి రెండు రోజులు రాలేనని, ఎందుకో చెప్పాను. "రెండు ఎముకలా? ఏ కాలు? ఎడమదా! నీ ఎడమ కాలు బలహీనం అనుకున్నానే!" అంది. మరుక్షణం నాలిక్కరుచుకుంది. "అయ్యో, అది కాదమ్మా, నాన్నగారికి ఎలా ఉంది?" అని అడిగింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. రావాలని కాసేపు ఎదురుచూశాను కూడా.

పన్ను పీకేముందు మత్తు సూది వేస్తే దవడ ఉన్నట్టే ఉంటుంది, మనది కానట్టుంటుంది. ఆ రోజు నుంచి నేను మొత్తం అలాగే అయిపోయాను. ఇంటికొచ్చి చొక్కా ఉతికాను. సుద్ద కదా, మొదటి నీళ్ళకే పోయింది. అయినా మూడుసార్లు సబ్బు పెట్టాను. తీగ మీద ఆరేశాను. అన్నం తిన్నాను. పడుకుంటే నిద్ర కూడా పట్టింది.

ఆ ఆరు వారాలూ యూనిఫారాలు అమ్మ కుట్టింది. నాన్న నిలబడి ఒక చేత్తో కత్తిరిస్తూ, ఆ కుట్టు వంకర, ఈ కుట్టు వదులు అంటుంటే, "మీరు తొక్కండి, నేను పక్కటెముకలు పట్టుకుని కూర్చుంటా" అనేది అమ్మ. నేను రోజూ ఆరింటికి లేచి వెనక గదిలోకి వెళ్ళేదాన్ని. నాన్న టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. మా ఇంట్లో ఎవరూ అంతకుముందు వాతావరణం గురించి మాట్లాడలేదు.

"పోటీలు మానేస్తాను" అన్నాను ఒకరోజు.

"మానేస్తే నా ఎముకలు ఊరికే విరిగినట్టు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వినట్టు ముఖం పెట్టాను.

సెలెక్షన్ పోటీలు ఆరో వారం చివర్లో వచ్చాయి. ఫైనల్లో నా ఎదుటిపిల్లని అందరూ జిరాఫీ అంటారు, అన్నీ కాళ్ళే. మొదటి రౌండ్ పోయింది. రెండో రౌండ్‌లో ఎడమ కాలితో నాలుగుసార్లు గోడని తన్నాను, నాలుగుసార్లూ మెషిన్ కూసింది. మూడో రౌండ్‌లో జిరాఫీ కడుపు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. రిఫరీ నా చెయ్యి పైకెత్తాడు. బోర్డు మీద నా పేరు వచ్చింది. చూశాను, చదివాను. కరెంటు బిల్లు మీద కూడా మా పేరు అలాగే ఉంటుంది.

కోచ్ మేడమ్ పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకున్నంత పని చేసింది. "నవ్వమ్మా, ఫొటో తీస్తున్నారు!" అంది. నవ్వాను. ఫొటోలో చూస్తే నిజం నవ్వులాగే ఉంది.

మర్నాడు పొద్దున ఆరింటికి వెనక గదిలోకి వెళ్తే నాన్న నల్ల చొక్కాలో నిలబడి ఉన్నాడు. ముందురోజే డాక్టర్ పట్టీ తీసేశాడట. గోడ మీది కాగితాలన్నీ తీసి చుట్ట చుట్టి మూలన పెట్టాడు. మేకులు కూడా పీకేశాడు. గోడ ఖాళీగా ఉంది.

"సుద్ద రాసుకో" అన్నాడు.

"వద్దు నాన్నా."

"ఇక్కడ నాన్న ఎవరు?"

"వద్దు మాస్టారూ. ఇంకో నెల పోనివ్వండి."

"నెల పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంకెప్పుడూ నిలబడం. నాకేం భయం లేదు. నీకుందా?"

వెతికి చూసుకున్నాను. లేదు. భయం ఉండాల్సిన చోట ఏమీ లేదు. సుద్ద ముక్క తీసుకుని వేలు వేలుకీ రాసుకున్నాను. అమ్మ సగం కుట్టిన జేబు చేత్తో పట్టుకుని పరదా దగ్గరికి వచ్చింది. వద్దనలేదు, కూర్చోనూ లేదు.

నాన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను మూడో గుండీని చూశాను. గుండీకున్న నాలుగు రంధ్రాలు, వాటిలో నేనే వేసిన దారం. ఇంకేమీ చూడలేదు. కాలు లేచింది, బలమంతా పెట్టుకుని వెళ్ళింది, ఆగింది. సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆపలేదు.

కానీ నా కాలికీ గుండీకీ మధ్య ఎడం ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. వేలు మందం కాదు, జానెడు. నాన్న మడమలు గోడకి ఆనుకుని ఉన్నాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వెనక ఉండాల్సిన చేతులు రెండూ ఛాతీ మీదికి వచ్చేశాయి.

కాలు దించాను. నాన్న కళ్ళు తెరిచి తన చేతుల వంక చూసుకున్నాడు. మెల్లిగా దించుకున్నాడు.

"పడలేదు!" అంది అమ్మ పరదా దగ్గర నుంచి. ఆవిడకి చొక్కా ఒక్కటే కనపడుతోంది. "చూశారా, సుద్ద పడలేదు! ఇంటి కాలు ఇంటికొచ్చేసింది!"

"బాగా ఆపావు" అన్నాడు నాన్న. నా వైపు చూడకుండా కిందినుంచి ఒక్కొక్క గుండీ విప్పి చొక్కా తీశాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. ఇవ్వలేదు. నన్ను దాటుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. బకెట్ లాగిన చప్పుడు, సబ్బు పెట్టె మూత తీసిన చప్పుడు వినపడ్డాయి.

అప్పుడు మత్తు దిగింది. దవడకే కాదు, అన్నిటికీ ఒక్కసారే. కాలికి సుద్దతోనే నేల మీద కూర్చుండిపోయాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. అమ్మ నన్ను చూసింది, పెరట్లోకి చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"మరక లేని చొక్కాని ఎందుకండీ అలా రుద్దుతున్నారు? చిరిగిపోతుంది" అంది గట్టిగా.

నాన్న కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పాడు.